మిలో సెడ్లాచెక్ ఓట్ల పద్దు

నలభై మూడు అట్టపెట్టెలు.
నెబ్రాస్కాలో ఒక చిన్న కాలేజీ నేలమాళిగ, బాయిలర్ పక్కన.
గంటకు పదమూడు డాలర్లకు
ఒక మనిషి ఇరవై రెండేళ్ల చూపుడువేలిని
వరసలో పెడుతున్నాను.

ఔను. కాదు. ఔను. ఔను.
హాజరు.
ఓటు వెయ్యలేదు.

వాషింగ్టన్‌లో కార్డు గాడిలో దూర్చి
బొత్తాం నొక్కితే
గోడ మీద పేరు పక్కన చిన్న దీపం.
ఆ దీపాల్లో ఒక యుద్ధం ఉంది,
పాలపొడి ధర ఉంది,
ఎవరికీ గుర్తులేని వంతెన ఒకటుంది.
యుద్ధానికి ఔనన్నాడు.
మర్నాడు అదే వేలితో
తేనెటీగల పరిశోధనకు ఔనన్నాడు.
ఏది నొక్కినా బొత్తాం బరువు ఒకటే కాబోలు.

ప్రతిపాదించిన బిల్లులు అరవై ఒకటి.
చట్టమైంది ఒకటి:
ఒక పోస్టాఫీసుకు ఒక నర్సు పేరు.
ఇప్పుడది టైర్ల దుకాణం.
పేరుపలక అలాగే ఉంది,
దాన్ని దించే పని ఎవరిదో ఎవరికీ తెలీదు.

మిగతా అరవైలో ఒకటి మాత్రం
ఏ పెట్టె తెరిచినా చేతికి తగులుతుంది.
గింజల గాదెలోకి దిగే కుర్రాడి నడుముకు తాడు కట్టాలి.
పైన ఒక మనిషి
ఆ తాడు పట్టుకుని నిలబడాలి.
అంతే, ఒకటిన్నర పేజీ.

మొక్కజొన్న నీళ్లు కాదు, ఈదలేం.
నడుం దాకా వచ్చిందంటే
నలుగురు పట్టి లాగినా మనిషి రాడు.
ఇది పెట్టెలు చెప్పింది కాదు,
ఈ కౌంటీలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మొదటిసారి మద్దతు సంతకాలు ముప్పై ఎనిమిది.
తర్వాత పంతొమ్మిది.
తర్వాత ఏడు; ఆ ఏడుగురిలో ఒకరు పోయారు,
ఒకరు ధాన్యం కంపెనీలో పెద్ద కుర్చీ ఎక్కారు.
ఆపైన ఆయన పేరొక్కటే,
కోత మిషను వదిలేసిన దంటు.
పదిసార్లు కమిటీకి వెళ్లింది, పదిసార్లు అటకెక్కింది.
పదిసార్లూ మళ్లీ టైపు చేయించాడు,
ఒక్క కామా కదపకుండా.

పదకొండోసారి బిల్లు సభకొచ్చింది.
ఈసారి దానికి పేరు కూడా ఉంది:
డారిన్ పోస్పిసిల్ చట్టం.
డారిన్‌కు పదహారేళ్లు. ఆగస్టు నెల.

సెడ్లాచెక్: కాదు.

నా పెన్సిల్ ఆగిపోయింది.
తేదీ చూశాను, ఇంటిపేరు చూశాను, వరస మళ్లీ లెక్కపెట్టాను.
కాదు.

వారం తర్వాత, ముప్పై ఏడో పెట్టె అడుగున
భోజనం బిల్లు వెనక ఆయన రాత:
"తాడు తీసేశారు. పేరు ఉంచారు."
చట్టంలో మిగిలింది గాదె తలుపు మీద
పసుప్పచ్చ స్టిక్కరు.

ఆ శరదృతువు టీవీలో
డారిన్ స్కూలు ఫొటో, కింద ఎర్రటి అక్షరాల్లో కాదు.
ఆరువందల పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.
మాట్లాడాడా? ఏ పెట్టెలోనూ లేదు.

గురువారం మధ్యాహ్నం లవాన్ పోస్పిసిల్ వచ్చింది,
కోటు మీద కరగని మంచుతో.
ఆ ఒక్క పేజీ అడిగింది.
వరసలో పెట్టని కాగితాలు చూపించకూడదు.
చూపించాను.

చదివింది. బోర్లా పెట్టింది.
బాయిలర్ ఒకసారి దగ్గింది.
"ఆ ఏడు నేనూ ఆయనకు వ్యతిరేకంగానే వేశాను" అంది.
తర్వాత, గ్లవుజులు వెతుక్కుంటూ,
"అది ఎక్కడా రాసుండదు కదా?"

ఉండదన్నాను. తెర వెనక వేసింది
ఎవరి పద్దులోకీ రాదన్నాను.

"అయితే ఎక్కడో ఒకచోట రాయి."

వెళ్లిపోయింది.
కుర్చీ కింద చిన్న నీటి మడుగు.
నా ముందున్న కాగితంలో నాలుగే గడులు:
ఔను, కాదు, హాజరు, ఓటు వెయ్యలేదు.
పెన్సిల్ చెక్కి కూర్చున్నాను.